పిల్లలకు కరాటే: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

జూన్‌లో బళ్లు తెరిచాక రెండు వారాలపాటు నా ఫోన్‌కి తీరిక ఉండదు. "మేడమ్, మా వాడికి కాస్త డిసిప్లిన్ రావాలి" అని ఒకరు, "మా పాప మరీ మెతక, ఎవరేమన్నా ఏడ్చేస్తుంది" అని ఇంకొకరు. గుంటూరులో 18 ఏళ్లుగా పిల్లలకు షోటోకాన్ అనే శైలి కరాటే నేర్పుతున్నాను. ఫోన్‌లో హడావిడిగా చెప్పే జవాబులనే ఇక్కడ తీరిగ్గా రాశాను. ఇవి చదివాక మీ పిల్లల్ని చేర్చొద్దు అనిపించినా నాకేం బాధ లేదు, తెలిసి తీసుకున్న నిర్ణయమే కదా.

కరాటే నేర్పిస్తే పిల్లలు ఇంకా ఎక్కువ కొట్లాడరా?

నేర్పే తీరును బట్టి ఉంటుంది. నేను తప్పించుకోవడానికి ఈ మాట అనడం లేదు. 1986లో ట్రల్సన్ అనే పరిశోధకుడు తప్పుదారి పట్టిన 34 మంది టీనేజీ పిల్లలను మూడు జట్లుగా విడదీసి చూశాడు. ఒక జట్టుకు వందనాలు, ధ్యానం, నియమాలతో సహా పాత పద్ధతిలో తైక్వాండో అనే కొరియా యుద్ధవిద్య నేర్పారు. రెండో జట్టుకు అవేవీ లేకుండా పోరాటం ఒక్కటే నేర్పారు. మూడో జట్టుతో మామూలు వ్యాయామం చేయించారు. ఆరు నెలలయ్యాక చూస్తే మొదటి జట్టులో దూకుడు తగ్గింది, రెండో జట్టులో మునుపటికంటే పెరిగింది. కిక్కులు రెండు జట్లూ నేర్చుకున్నాయి!

నార్వేలో 11 నుంచి 13 ఏళ్ల అబ్బాయిలను రెండేళ్లు గమనించి 2005లో ప్రచురించిన మరో అధ్యయనం ఉంది. బాక్సింగ్, కుస్తీ, వెయిట్‌లిఫ్టింగ్, మార్షల్ ఆర్ట్స్ లాంటివి చేసే అబ్బాయిల్లో ఆ ఆట బయట కూడా దుడుకుతనం పెరిగిందని అది తేల్చింది. ఇలాంటివి మా రంగంలో ఎవరూ కరపత్రాల మీద వేయించరు. మీరు అడిగారు కాబట్టి చెప్పాలి.

మరి నేనేం చేస్తాను? మొదటి ఏడాదంతా ఆపడం నేర్పుతాను. పంచ్ ఎదుటివాడి ముక్కుకు బెత్తెడు దూరంలో ఆగాలి. పూర్తి వేగంతో వెళ్లాలి, అక్కడే నిలిచిపోవాలి. పంచ్ విసరడం రెండు నెలల్లో ఎవరికైనా వచ్చేస్తుంది. ఆ ఆపడం దగ్గరే ఏళ్లు పడుతుంది. పోటీల్లోనూ దెబ్బను అదుపులో ఉంచడమే రూలు. టోక్యో ఒలింపిక్స్‌లో పెద్ద బరువు విభాగం ఫైనల్ గుర్తుందా? సౌదీ అరేబియా ఆటగాడు తారెగ్ హమెదీ పాయింట్లలో ముందున్నాడు. అతను తలకు కొట్టిన కిక్ గట్టిగా తగిలి ఇరాన్ ఆటగాడు సజ్జాద్ గంజ్‌జాదె స్పృహ తప్పి పడిపోయాడు. హద్దు మీరి కొట్టినందుకు హమెదీని అనర్హుడిగా ప్రకటించి, కింద పడినవాడికే స్వర్ణం ఇచ్చారు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా క్లాసులో సగం మంది పిల్లలు "ఇదెక్కడి అన్యాయం మాస్టర్!" అంటారు. ఆ రోజు మిగతా క్లాసంతా వాదనే. నాకు కావాల్సిందీ అదే.

మా వాడు చెప్పిన మాట వినడు. కరాటేలో వేస్తే డిసిప్లిన్ వస్తుందా?

క్లాసులో మూడు వారాల్లో వచ్చేస్తుంది. ఇంట్లో వస్తుందా అనేది వేరే సంగతి.

మా క్లాసు మేడ మీద. మెట్ల దగ్గర చెప్పులు విడిచేటప్పుడు జంటగా, ముందు భాగం బయటికి ఉండేలా పెట్టాలి. లోపలికి వచ్చేటప్పుడు వంగి వందనం చేయాలి. ఆలస్యమైతే పక్కన కూర్చుని, పిలిచాకే లేచి రావాలి. ఇంతే. వీటికి పెద్దగా తెలివితేటలు అక్కర్లేదు, అందుకే అందరికీ వస్తాయి. అదే పిల్లాడు ఇంటికెళ్లి చెప్పులు చెరో మూలకి విసిరేస్తాడు. వాడి దృష్టిలో అది క్లాసు రూలు. ఇంటి రూలు వేరు.

అక్కడే మీ పని మొదలవుతుంది. ఏదో ఒక్కటి ఎంచుకోండి. ఉదాహరణకు చెప్పులు. వాడితోపాటు మీవి కూడా వరసలో పెట్టండి. నాన్నగారి చెప్పులు గుమ్మంలో అడ్డంగా పడి ఉంటే నేనెన్ని సార్లు చెప్పినా దండగే. ఇంకో మాట. అన్నం తినకపోతే "ఉండు, మీ మాస్టర్‌కి చెప్తా" అని బెదిరించకండి. బూచివాడి ఉద్యోగం నాకొద్దు. అలా బెదిరించిన పిల్లలు వారం తిరక్కుండానే నా దగ్గర నిజాలు చెప్పడం మానేస్తారు.

2004లో అమెరికాలో ఒక బడిలో మూడు నెలలు తైక్వాండో నేర్పి చూశారు. పిల్లల్లో తమను తాము అదుపు చేసుకోవడం, తరగతిలో నడవడిక మెరుగయ్యాయని లేక్స్, హోయట్ అనే ఇద్దరు పరిశోధకులు రాశారు. ఆ క్లాసులు బడిలోనే జరిగాయి. నేర్చుకున్నచోటే వాడుకునే అవకాశం పిల్లలకు దొరికింది. నా అనుభవానికి ఇది సరిగ్గా సరిపోతుంది.

ఏ వయసులో చేర్చాలి?

ఆరేళ్లు నిండాక. నాలుగేళ్ల పిల్లల్ని తీసుకోమని అడుగుతుంటారు. వాళ్లకి ఆ వయసులో పరుగులు, గెంతులు, ఇసుకలో ఆటలు చాలు, ఫీజు కూడా మిగులుతుంది. పదిహేనేళ్లకు చేరినా ఆలస్యం కాదు.

మా పాప ఎవరితోనూ మాట్లాడదు. తనకి ధైర్యం వస్తుందా?

కరాటేలో దెబ్బతోపాటు గట్టిగా ఒక కేక వేస్తారు. దాన్ని కియాయ్ అంటారు. సిగ్గరి పిల్లలకు పంచ్ కంటే ఈ కేకే కష్టం. ఒక పాప ఏడు నెలలు క్లాసుకు వచ్చింది. ఆ ఏడు నెలలూ పెదాలు కదిలించేదే తప్ప నోట్లోంచి గాలి కూడా వచ్చేది కాదు. నేను ఎప్పుడూ బలవంతం చేయలేదు. ఒకరోజు వాన మొదలైంది, రేకుల మీద చినుకుల మోతకి ఎవరి గొంతూ ఎవరికీ వినపడటం లేదు. ఆ మోతలో ఆ పిల్ల అరిచింది. పక్కనున్న పిల్లలు తిరిగి చూశారు. తనే అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది.

ఇప్పటికీ తను మితభాషే. బడిలో టీచర్‌ని డౌట్ అడుగుతోందని వాళ్లమ్మ చెప్పారు, అంతే. సిగ్గరి పిల్ల రేపటికల్లా వేదికెక్కి ఉపన్యాసం ఇవ్వాలనుకుంటే నా దగ్గర అలాంటి మందు లేదు. నెమ్మదిగా ఉండటం జబ్బు కూడా కాదు.

స్కూల్లో ఎవరైనా కొడితే తిరిగి కొట్టమనాలా?

అందరికంటే ఎక్కువగా నాన్నలు అడిగే ప్రశ్న ఇది. షోటోకాన్ మూలపురుషుడు గిచిన్ ఫునాకోషి జపాన్‌లోని ఒకినావా దీవిలో బడిపంతులు. 1922లో కరాటేను టోక్యోకు తెచ్చింది ఆయనే. శిష్యులకు ఆయన రాసిపెట్టిన 20 సూత్రాల్లో ఒకటి: కరాటేలో మొదటి దెబ్బ లేదు. అంటే ముందుగా చెయ్యెత్తేది మనం కాకూడదు.

పిల్లలకు నేను చెప్పే క్రమం ఇది. ఒక అడుగు వెనక్కి వెయ్యి, రెండు చేతులూ ముందుకు చాపి "ఆపు!" అని అందరికీ వినపడేలా అరువు. అక్కడి నుంచి పెద్దవాళ్లున్న చోటికి వెళ్లు, జరిగింది చెప్పు. చెప్పడం చాడీ కాదని కూడా చెప్తాను, పిల్లలకు ఈ భయం చాలా ఎక్కువ. మూలకు నెట్టి కదలనివ్వకపోతే విడిపించుకో, పరిగెత్తు. అప్పుడు చెయ్యి వాడాల్సివస్తే వాడు. విడిపించుకున్నాక ఇంకొక దెబ్బ వేశావంటే అది కొట్లాటే.

నాలుగేళ్ల కిందట ఏడో తరగతి అబ్బాయి ఒకడు టిఫిన్ బాక్స్ లాక్కున్నందుకు తోటి పిల్లాడి పెదవి పగలగొట్టాడు. మర్నాడు ఇద్దరి తల్లులూ మా మేడ మీదే తేలారు. మా వాడి చేత క్షమాపణ చెప్పించాను. నెలరోజులు ఎదురెదురుగా తలపడే సాధన ఆపించి, కొత్తగా చేరిన చిన్నపిల్లలకు పడకుండా నిలబడటం నేర్పే పని పెట్టాను. వాడు ముక్కుతూ మూలుగుతూ చేశాడు, రెండో వారానికి ఇష్టంగా చేశాడు. అసలు చిక్కు వేరేచోట వచ్చింది. వాళ్ల నాన్న నాకు ఫోన్ చేసి, గొంతులో ఎక్కడలేని సంతోషంతో, "భలే కొట్టాడట కదా మేడమ్!" అన్నారు. ఆ పక్కనే వాడు వింటున్నాడు. నా నెలరోజుల కష్టం ఆ ఒక్క వాక్యం ముందు ఎంత?

బడిలో రోజూ ఒకే పిల్లాడు మీ వాడిని వేధిస్తుంటే దానికి కరాటే మందు కాదు. మీరు వెళ్లి హెడ్మాస్టర్‌తో మాట్లాడాలి. పెద్దవాళ్లు తీర్చాల్సిన తగాదాని పదేళ్లవాడి పిడికిలి మీద పెట్టకండి.

ఆ వంగడాలు, జపాన్ మాటలు ఎందుకు? మతానికి సంబంధించినవా?

కాదు. ఎదుటివాడు ఒప్పుకుంటేనే మన సాధన సాగుతుంది, అందుకు కృతజ్ఞతగా వంగుతాం. మా క్లాసులో అన్ని మతాల పిల్లలూ ఉన్నారు. వంగడం ఇష్టం లేనివాళ్లు తల పంకిస్తే సరిపోతుంది. ఇచి, ని, సాన్ (ఒకటి, రెండు, మూడు) అని జపాన్ భాషలో లెక్కపెట్టడం మాత్రం పిల్లలకు భలే సరదా.

క్లాసు చివర ఐదు మాటలు చెప్పుకుంటాం. గుణం తీర్చిదిద్దుకుంటాను, నిజాయితీగా ఉంటాను, కష్టపడతాను, అందరినీ గౌరవిస్తాను, కోపంతో చెయ్యెత్తను. జపాన్ భాషలో ఈ ఐదింటికీ ముందు ఒకటి, రెండు, మూడు అని ఉండదు, అన్నింటికీ "ఒకటి" అనే ఉంటుంది. ఏదీ రెండోది కాదని అర్థం. తెలుగులో చెప్పించడం మొదలుపెట్టాక పిల్లలు ప్రశ్నలు వేయడం మొదలైంది. "అమ్మకి మార్కులు తక్కువ చెప్తే నిజాయితీ పోతుందా, ఎక్కువ చెప్తేనే పోతుందా?" అని ఒకడు అడిగాడు. జపాన్ మాటల్లో వల్లించినన్నాళ్లూ ఎవరూ ఇలాంటివి అడగలేదు.

బ్లాక్ బెల్ట్ ఎన్నాళ్లకు వస్తుంది? పరీక్ష ఫెయిలైతే పిల్లలు కుంగిపోరా?

క్రమం తప్పకుండా వస్తే మా దగ్గర ఐదేళ్లకు తక్కువ కాదు. ఏడాదిన్నరలో గ్యారంటీ అనే బోర్డు కనిపిస్తే ఆ మెట్లు ఎక్కకండి.

బెల్ట్ మీద మోజు ఎంత పనిచేస్తుందో నాకు స్వయంగా తెలుసు. చిన్నప్పుడు నేను మొదట నేర్చుకున్నచోట ఎగ్జామ్ ఫీజు కట్టినవాళ్లందరికీ బెల్ట్ వచ్చేది. కటా అంటే వరసగా చేసే కదలికల సాధన. నాకు సగమే వచ్చిన కటాకి ఆకుపచ్చ బెల్ట్ కట్టారు. ఇంట్లో స్వీట్లు పంచారు. తర్వాత వేరే ఊళ్లో, వేరే గురువు దగ్గర మొదటిరోజే సంగతి బయటపడింది. ఆయన ఒక్క మాటా అనకుండా తెల్ల బెల్ట్ చేతికిచ్చారు. ఆ ఆకుపచ్చది ఇప్పటికీ బీరువాలో అడుగునే ఉంది.

అందుకే నేను ఫెయిల్ చేస్తాను. కాకపోతే పరీక్షకు ముందే పిల్లలకు చెప్తాను, ఏది రాలేదో చూపిస్తాను, మళ్లీ పరీక్షకు ఫీజు తీసుకోను. ఏడుస్తారు, ఏడవనివ్వండి. ఆ సాయంత్రం "మాస్టర్‌కి పక్షపాతం" అని మీరు ఓదార్చకుండా ఉంటే చాలు. మూడు నెలల తర్వాత నెగ్గిన బెల్ట్‌ని పిల్లలు ఎలా మడతపెట్టుకుంటారో చూడాలి!

అన్నట్టు ఈ బెల్ట్‌లు కరాటే సొంతం కావు. జూడోను 1882లో స్థాపించిన జిగొరో కానో నల్ల బెల్ట్ మొదలుపెట్టారు, కరాటే వాళ్లు తర్వాత అక్కడి నుంచి తెచ్చుకున్నారు.

కరాటేనా, తైక్వాండోనా, జూడోనా, కర్రసామా?

ఇంటికి దగ్గర్లో మంచి గురువు దేనికి ఉంటే అది. జూడోలో అన్నిటికంటే ముందు పడటం నేర్పుతారు, దూకుడు పిల్లలకు అది చాలా మేలు చేస్తుంది. తైక్వాండోలో కాళ్ల పని ఎక్కువ. మన కర్రసామును చిన్నచూపు చూడకండి. వెనకటి రోజుల్లో తాలింఖానాల్లో, అంటే వ్యాయామశాలల్లో, కుర్రాళ్లు కర్ర తిప్పడంతోపాటు గురువు మాట మీద నిలబడటమూ నేర్చుకునేవాళ్లు. హైదరాబాద్ పాతబస్తీ తాలీముల్లో కుస్తీ ఇంకా బతికే ఉంది. సుమన్, భానుచందర్ సినిమాలు చూసి కరాటేలో చేరిన తరం మాది, కాబట్టి నాకు వచ్చింది ఇది. అంతకుమించి గొప్ప కారణమేమీ లేదు.

దెబ్బలు తగలవా?

తగులుతాయి. చీలమండ బెణకడం, వేలు వాయడం, మోచేయి గీరుకోవడం మామూలే. తలకు తగిలే దెబ్బల విషయంలో మాత్రం నేను మొండిదాన్ని. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో మార్షల్ ఆర్ట్స్ మీద ఇచ్చిన నివేదికలో, ఒంటికి తగలకుండా చేసే సాధన పిల్లలకు మేలని చెప్పింది. హెల్మెట్ లాంటి తలకవచం మెదడు కుదుపును ఆపుతుందని నమ్మకం పెట్టుకోవద్దని కూడా రాసింది. తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగినా, వాంతి వచ్చినా ఆ రోజు సాధన బంద్, నేరుగా డాక్టర్ దగ్గరికే.

పోటీలకు పంపాలా?

అడిగితే పంపండి, మీ సరదా కోసం వద్దు. ఓడిపోయిన పిల్లాడు గెలిచినవాడికి వంగి, వాడి కోచ్‌కీ వంగి, అప్పుడు పక్కకొచ్చి ఏడుస్తాడు. ఆ క్రమం వాడికి బాగా తెలుసు. గ్యాలరీలో అమ్మానాన్నలకే తెలియదు. రెఫరీ మీదికి వెళ్లిన ఒక తండ్రిని వాళ్లబ్బాయే చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కెళ్లడం చూశాను. ఆ రోజు పతకం ఎవరికొచ్చిందో నాకు గుర్తులేదు.

అమ్మాయి పెద్దమనిషి అయింది, ఇక మాన్పించాలా?

ఈ ప్రశ్న వింటే నాకు ఒళ్లు మండుతుంది, అయినా నెమ్మదిగానే చెప్తాను. వద్దు. మా క్లాసులో పదకొండేళ్ల వరకు సగానికి సగం ఆడపిల్లలే. పదమూడు దాటేసరికి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సరిగ్గా తన ఒంటి మీద తనకు నమ్మకం కావాల్సిన వయసులో మాన్పిస్తున్నాం. నెలసరి రోజుల్లో తనకు బాగుంటే వస్తుంది, లేకపోతే రాదు, నేను కారణం అడగను. తెల్ల డ్రెస్‌తో టెన్షన్ ఉంటే నల్ల ప్యాంట్ వేసుకోవచ్చు, మా క్లాసులో ఒప్పుకుంటాం. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో, 2023లో బాక్సింగ్‌లో ప్రపంచ చాంపియన్ అయింది. అందరూ నిఖత్‌లు కానక్కర్లేదు. రాత్రి ట్యూషన్ నుంచి వచ్చేటప్పుడు తలెత్తుకుని నడిస్తే చాలు.

మంచి క్లాసు అని ఎలా తెలుస్తుంది? మాస్టర్ కొడితే ఊరుకోవాలా?

ఊరుకోవద్దు. బెత్తం పట్టుకున్న మాస్టర్ కోపాన్ని అదుపు చేసుకోవడం నేర్పుతాననడం వింత. 2009 విద్యాహక్కు చట్టం బడిలోనే కొట్టకూడదంటుంటే, మేడ మీద క్లాసుకి మినహాయింపు ఎక్కడిది? బస్కీలు తీయించడం వేరు, అవమానించడం వేరు. "ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా" అనే మాట విన్నా లేచి వచ్చేయండి.

చేర్చే ముందు ఒక క్లాసు మొత్తం కూర్చుని చూడండి. చూడనివ్వకపోతే అక్కడే సమాధానం దొరికినట్టు. అందరికంటే బలహీనంగా ఉన్న పిల్లాడితో మాస్టర్ ఎలా ఉన్నాడో గమనించండి, చాంపియన్‌తో ఎలా ఉన్నాడో తర్వాత చూడొచ్చు. నిలబడే తీరు సరిదిద్దేటప్పుడు ఒంటి మీద చెయ్యి వేయాల్సి వస్తుంది. ముందు అడిగి, అందరి ఎదుట, అవసరమైన చోట మాత్రమే వేయాలి. పిల్లలు ఒంటరిగా మాస్టర్‌తో గదిలో ఉండాల్సిన పని కరాటేలో ఏదీ లేదు. తేడాగా అనిపిస్తే 1098కి ఫోన్ చేయండి, అది పిల్లల హెల్ప్‌లైన్. ఈ నంబర్ మా గోడ మీద పిల్లల కళ్లకు అందే ఎత్తులో రాయించాను.

చదువు దెబ్బతినదా?

వారానికి మూడు గంటలు. ఫోన్‌లో అంతకంటే ఎక్కువే పోతోంది. పదో తరగతిలో జనవరి నుంచి మానేస్తామంటే నేనేమీ అనను, ఏప్రిల్‌లో తిరిగి రమ్మంటాను. కటాలో 20కి పైగా కదలికలు వరసగా గుర్తుపెట్టుకునే పిల్లలకు ఎక్కాలు కూడా వస్తాయని మాత్రం హామీ ఇవ్వలేను.

నాన్‌వెజ్ తినాలా?

అక్కర్లేదు. గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్న వీరఘట్టం కోడి రామమూర్తి శాకాహారి అనే చెప్తారు. పప్పు, గుడ్డు తింటే గుడ్డు, వేరుశనగ ఉండ, వేళకు నిద్ర. ప్రొటీన్ పొడులు పిల్లలకు కొనకండి.

మధ్యలో మానేస్తానంటున్నాడు. బలవంతం చేయాలా?

ముందు కారణం కనుక్కోండి. క్లాసులో ఎవరైనా ఏడిపిస్తున్నారా, నేనేమైనా అన్నానా అని అడగండి. అదేం లేదు, బోర్ కొడుతోందంతే అంటే, వచ్చే బెల్ట్ పరీక్షదాకా రమ్మని ఒప్పందం చేసుకోండి. ఆ తర్వాత కూడా వద్దంటే మాన్పించండి. వెళ్లేవాడు నా దగ్గరికొచ్చి స్వయంగా చెప్పి వెళ్లాలి, అదొక్కటే నేను అడిగేది. ఫోన్‌లో అమ్మ చేత చెప్పించకూడదు. పదేళ్లవాడు ఎదురుగా నిలబడి "మాస్టర్, నేను రేపట్నుంచి రాను" అనడానికి చాలా గుండె కావాలి. అలా చెప్పి వెళ్లినవాళ్లలో ఇద్దరు ఇప్పుడు క్రికెట్ ఆడుతున్నారు, ఒకమ్మాయి కూచిపూడి నేర్చుకుంటోంది.

మొదటి రోజు ఏం తెచ్చుకోవాలి?

వదులు ప్యాంటు, టీషర్టు, నీళ్ల సీసా. గోళ్లు కత్తిరించి పంపండి, పోగులు, గాజులు, మొలతాడుకి వేలాడే తాయెత్తు ఉంటే తీసేసి పంపండి. కరాటే డ్రెస్ రెండు నెలలు ఆగి కొనొచ్చు, ఈలోపు మానేస్తే డబ్బులు దండగ. చెప్పులు మెట్ల దగ్గర విడవాలి. ఎలా విడవాలో పైన రాశాను.